లెక్కలోకి రావడం: అమెరికా విశ్వవిద్యాలయాల్లో హిస్పానిక్ పరిశోధన కేంద్రాలు చేసే పని

క్లుప్తంగా: అమెరికాలో హిస్పానిక్, అంటే స్పానిష్ భాషా మూలాలున్న, సముదాయాలను అధ్యయనం చేసే విశ్వవిద్యాలయ కేంద్రాల్లో పాతవి 1969 నుంచి విద్యార్థి ఉద్యమాల ఒత్తిడి వల్ల ఏర్పడ్డాయి. ప్రభుత్వ లెక్కల్లో సరిగా కనిపించని జనానికి సంఖ్యలు, కాగితాలు, మాటల రికార్డులు సమకూర్చడం వాటి ప్రధాన పని. 2025లో కేంద్ర ప్రభుత్వ నిధులకు కోతలు పడడంతో వీటి గురించి వార్తలు ఎక్కువయ్యాయి. అయితే ఆ వార్తల్లో మూడు వేర్వేరు వ్యవస్థలు తరచూ ఒకటిగా కలిసిపోతున్నాయి.

1930లలో, అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టో రికో నుంచి వచ్చి న్యూయార్క్ రేవులో ఓడ దిగిన మనిషి పనికోసం వెళితే, ముందు తాను విదేశీయుడు కానని రుజువు చేసుకోవలసి వచ్చేది. 1917 నాటి జోన్స్ చట్టంతో ప్యూర్టో రికో ప్రజలకు అమెరికా పౌరసత్వం వచ్చింది. కాని స్పానిష్ మాట్లాడే మనిషిని పౌరుడని నమ్మడానికి చాలామంది యజమానులు సిద్ధంగా లేరు. అందుకని ప్యూర్టో రికో ప్రభుత్వమే న్యూయార్క్‌లో కార్యాలయం తెరిచి, 1930 నుంచి ఫోటో అతికించిన గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది 1989 వరకు సాగింది. పౌరులైన మనుషులు తాము పౌరులమని చెప్పుకోవడానికి దాదాపు అరవై ఏళ్లపాటు ప్రత్యేకంగా ఒక కార్డు కావలసి వచ్చిందన్నమాట.

ఆ కార్డులకు సంబంధించిన కాగితాలు ఇప్పుడు హంటర్ కాలేజీకి చెందిన ప్యూర్టో రికన్ అధ్యయన కేంద్రంలో ఉన్నాయి. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో హంటర్ ఒక భాగం. ఈ కేంద్రాన్ని అందరూ ‘సెంట్రో’ అంటారు. దాని గ్రంథాలయం, ఆర్కైవ్ ఉన్న ఈస్ట్ హార్లెమ్‌ను స్థానికులు ‘ఎల్ బారియో’ అని పిలుస్తారు, అంటే ‘పేట’. తాత ముఖం ఎలా ఉండేదో చూడాలని వచ్చిన మనవరాలికి, వలస చరిత్ర రాసే పరిశోధకుడికి, ఏ ఊరి నుంచి ఎప్పుడు ఎవరు వచ్చారో లెక్క తీసే గణాంకవేత్తకు ఆ అట్టపెట్టెల్లోని కాగితాలే ఆధారం. ఇలాంటి కేంద్రం ఎందుకు కావలసి వచ్చిందో తెలుసుకోవడానికి ఆ కార్డును మించిన ఉదాహరణ దొరకదు.

కలిసిపోతున్న మూడు వ్యవస్థలు

వార్తల్లో ‘హిస్పానిక్’ అన్న మాట, ‘విశ్వవిద్యాలయం’ అన్న మాట పక్కపక్కన కనిపించగానే అన్నీ ఒకే కోవకు చెందినవన్న అభిప్రాయం కలుగుతుంది. నిజానికి అక్కడ మూడు వేరు వేరు వ్యవస్థలున్నాయి.

లాటిన్ అమెరికా అధ్యయన కేంద్రాలు మొదటి రకం. ఇవి మెక్సికో, బ్రెజిల్, అర్జెంటీనా వంటి దేశాలను చదువుతాయి. టెక్సస్ విశ్వవిద్యాలయం 1921లోనే మెక్సికో పండితుడు హెనారో గార్సియా గ్రంథాలయాన్ని కొని ఆస్టిన్‌కు తెచ్చింది. ఈ రంగానికి పెద్ద ఎత్తున ప్రభుత్వ డబ్బు వచ్చింది మాత్రం 1958 తరువాత. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన మరుసటి ఏడు చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం విదేశీ భాషల, ప్రాంతాల అధ్యయనానికి నిధులు ఇచ్చింది. ఇతర దేశాలను అర్థం చేసుకోవడం అమెరికా భద్రతకు అవసరమన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. చట్టం పేరులోనే ‘రక్షణ’ ఉంది.

రెండో రకం ‘హిస్పానిక్ విద్యార్థులకు సేవలందించే సంస్థ’ అన్న గుర్తింపు. ఇది కేంద్రం కాదు, ఒక కాలేజీకి ప్రభుత్వం ఇచ్చే హోదా. డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లు ఉండాలన్నది ప్రధాన షరతు. మొత్తం విద్యార్థుల్లో పేదలు గణనీయంగా ఉండాలన్నది మరో షరతు. 1992లో ఈ హోదా చట్టంలోకి ఎక్కింది. ఆ 25 శాతం మెట్టు దాటిన సంస్థలు ఇప్పుడు 600 పైనే ఉన్నాయి. ఈ హోదా కింద వచ్చే డబ్బు ప్రయోగశాలలకు, ట్యూషన్ తరగతులకు, భవనాలకు ఖర్చవుతుంది, దాని ఫలితం అక్కడ చదివే అందరికీ అందుతుంది.

మూడోది ఈ వ్యాసం విషయమైన పరిశోధన కేంద్రం. అమెరికాలోనే ఉంటున్న స్పానిష్ మూలాల జనాన్ని చదవడం దీని పని. వీరిలో నిన్న వచ్చినవారూ ఉన్నారు, అసలు ఎప్పుడూ వలస రానివారూ ఉన్నారు. 1848లో గ్వాడలూప్ హిడాల్గో ఒడంబడికతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు వదులుకున్నప్పుడు, అక్కడి జనం ఉన్నచోటనే ఉండి దేశం మారారు. సరిహద్దే వారిని దాటి వెళ్లింది.

పేర్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ‘హిస్పానిక్’ 1970లలో ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడిన మాట. ‘లాటినో’ లాటిన్ అమెరికా అన్న ప్రాంతాన్ని సూచిస్తుంది. ‘చికానో’ అన్నది మెక్సికన్ మూలాల యువత 1960లలో సగర్వంగా తమకు తాము పెట్టుకున్న పేరు. ఒక కేంద్రం బోర్డు మీద వీటిలో ఏ మాట ఉందో చూస్తే అది ఏ దశకంలో, ఎవరి పట్టుదలతో పుట్టిందో చాలావరకు ఊహించవచ్చు.

సమ్మెల నుంచి పుట్టిన కేంద్రాలు

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్ ఉన్నత పాఠశాలల నుంచి వేలమంది మెక్సికన్ అమెరికన్ విద్యార్థులు తరగతులు వదిలి బయటికి నడిచారు. కిక్కిరిసిన గదులు, మధ్యలో చదువు మానేసేవారి సంఖ్య, తమ చరిత్ర ఊసెత్తని పాఠాలు వారి ఫిర్యాదులు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో శాంటా బార్బరాలో విద్యార్థులు, అధ్యాపకులు సమావేశమై, విశ్వవిద్యాలయాల్లో చికానో అధ్యయనాలు ఎలా ఉండాలో వివరంగా ఒక ప్రణాళిక రాసుకున్నారు. అదే 1969లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చికానో కేంద్రంతో పాటు నల్లజాతి, ఆసియన్ అమెరికన్, ఆదివాసీ అమెరికన్ అధ్యయన కేంద్రాలను నెలకొల్పింది. అక్కడి నుంచి 1970లో మొదలైన ‘ఆస్ట్లాన్’ పత్రిక ఈ రంగంలో ముందు వరుసలో నిలిచింది.

న్యూయార్క్ కథ దీనికి సమాంతరంగా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్యూర్టో రికో ప్రభుత్వం పరిశ్రమలను ఆహ్వానించింది. చెరకు పొలాల్లో పోయిన పని ఫ్యాక్టరీల్లో దొరకలేదు. చవక విమాన టిక్కెట్లు వచ్చాయి. 1940లో న్యూయార్క్‌లో 60 వేలకు కాస్త పైన ఉన్న ప్యూర్టో రికన్లు 1960 నాటికి 6 లక్షలు దాటారు. వారి పిల్లలు నగర విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఆ గుమ్మం వారికి దాదాపు మూసే ఉంది. 1969 వసంతంలో నల్లజాతి, ప్యూర్టో రికన్ విద్యార్థులు హార్లెమ్‌లోని సిటీ కాలేజీ దక్షిణ ప్రాంగణాన్ని స్వాధీనం చేసుకున్నారు. దాంతో 1970 నుంచి నగరంలో ఉన్నత పాఠశాల పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఇవ్వాలన్న విధానం వచ్చింది. 1973లో సెంట్రో ఏర్పడింది. రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాంక్ బోనీయా దానికి తొలి డైరెక్టర్. తొలినాళ్లలో ఫోర్డ్ ఫౌండేషన్ గ్రాంటు అండగా నిలిచింది.

తరువాత జరిగింది కూడా చెప్పాలి. 1847లో పుట్టినప్పటి నుంచి నగర కాలేజీల్లో ఫీజు లేదు. నగరం దివాలా అంచుకు చేరిన 1976లో ఫీజు పెట్టారు. ప్యూర్టో రికన్, నల్లజాతి పిల్లలు పెద్ద సంఖ్యలో లోపలికి వచ్చి అప్పటికి ఆరేళ్లే అయింది.

ఇలా పుట్టడం వల్ల ఈ కేంద్రాలకు ఒక బలం, ఒక బలహీనత వచ్చాయి. బయటి పేటలతో ఉన్న బంధం బలం. ఏ విషయం పరిశోధించాలన్నది సగం అక్కడే తేలుతుంది. బలహీనత పాలనలో ఉంది. సాధారణంగా డిగ్రీ ఇచ్చేది, అధ్యాపకులకు శాశ్వత నియామకం ఇచ్చేది విశ్వవిద్యాలయ శాఖ. కేంద్రానికి ఆ అధికారాలు ఉండవు. పరిశోధకులను శాఖల నుంచి అరువు తెచ్చుకోవాలి, లేదా గ్రాంటు ఉన్నంతకాలం జీతమిచ్చి పెట్టుకోవాలి. లాస్ ఏంజెలిస్‌లో 1969 నుంచి కేంద్రం ఉన్నా, చికానో అధ్యయనాలకు పూర్తిస్థాయి శాఖ లేకపోవడం మీద 1993లో విద్యార్థులు, ఒక అధ్యాపకుడు 14 రోజులు నిరాహార దీక్ష చేశారు. ఆ ఏడు ఏప్రిల్‌లో మరణించిన వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ పేరు మీద అప్పుడు బోధన విభాగం వచ్చింది. అది అధికారికంగా శాఖ కావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

గడి మారితే మారిపోయే జనాభా

ఈ కేంద్రాలు ఎక్కువ శ్రమ పెట్టేది జనాభా లెక్కల మీద. అమెరికాలో హిస్పానిక్‌లు ఎందరన్న ప్రశ్నకు జవాబు, ఫారంలో ప్రశ్న ఎలా అడిగారన్న దాన్నిబట్టి మారుతూ వచ్చింది.

1930 జనాభా లెక్కల్లో ‘మెక్సికన్’ను ఒక జాతిగా రాశారు. మెక్సికో ప్రభుత్వం, ఇక్కడి సంఘాలు అభ్యంతరం చెప్పడంతో 1940లో తీసేసి, వారిని తెల్లవారి కింద లెక్కించారు. అందులో గౌరవం దక్కిన మాట నిజమే, కాని ఒక నష్టం కూడా జరిగింది. కాగితం మీద తెల్లవారైనవారికి జరిగే వివక్షను చూపే అంకె లేకుండా పోయింది. టెక్సస్‌లో ఒక మెక్సికన్ అమెరికన్ ముద్దాయి కేసులో ఇదే అడ్డం వచ్చింది. జ్యూరీలో తనవారెవరూ లేరని అతని లాయర్లు అంటే, జ్యూరీలో ఉన్నది తెల్లవారే, మీరూ తెల్లవారే, ఇక వివక్ష ఎక్కడిదని రాష్ట్రం వాదించింది. లాయర్లు ఇంటిపేర్లను ఆధారం చేసుకున్నారు. ఆ కౌంటీలో 25 ఏళ్లుగా మెక్సికన్ లేదా లాటిన్ అమెరికన్ పేరున్న ఒక్క మనిషీ జ్యూరీలో కూర్చోలేదని తేల్చారు. 1954లో సుప్రీంకోర్టు హెర్నాండెజ్ కేసులో వారి పక్షాన ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఎవరూ పోగుచేయని లెక్కను లాయర్లు పేర్ల జాబితాల నుంచి ఏరి పేర్చవలసి వచ్చింది. తరువాతి కాలంలో పరిశోధన కేంద్రాలు వృత్తిగా చేపట్టినది సరిగ్గా ఈ పనినే.

1970లో హిస్పానిక్ మూలాల ప్రశ్నను కొద్ది ఇళ్లకు ఇచ్చిన పొడవాటి ఫారంలో మాత్రమే అడిగారు. 1976లో కాంగ్రెస్ ఈ సముదాయం మీద గణాంకాలు సేకరించి ప్రచురించాలని ప్రత్యేకంగా చట్టం చేసింది. 1980 నుంచి ఆ ప్రశ్న అందరికీ వెళ్లింది. అప్పుడు 1.46 కోట్ల మంది తేలారు. 2020లో 6.21 కోట్లు, అంటే దేశ జనాభాలో 18.7 శాతం.

ఇంతకన్నా కళ్లు తెరిపించేది మరో అంకె. 2010లో హిస్పానిక్‌లలో 53 శాతం మంది జాతి గడిలో ‘తెల్లజాతి’ మాత్రమే అని నమోదయ్యారు. 2020లో ఆ వాటా 20 శాతానికి పడిపోయింది. పదేళ్లలో కోటి మందికి పైగా తమ అభిప్రాయం మార్చుకున్నారని దీన్ని చదివితే పొరపాటు. 2020 ఫారంలో జాతి గడి కింద మూలాలు రాయడానికి ఖాళీ ఇచ్చారు, రాసిన జవాబులను వర్గీకరించే పద్ధతినీ మార్చారు. ‘తెల్లజాతి’ అని టిక్కు పెట్టి కింద ‘మెక్సికన్’ అని రాసిన మనిషి రెండు జాతుల లెక్కలోకి వెళ్లిపోయాడు. పన్నెండేళ్ల పిల్లవాడు నింపినా, సర్వే నిపుణుడు నింపినా ఫలితం ఒక్కటే. పదేళ్లకొకసారి వచ్చే ఇలాంటి అంకెను తిన్నగా శీర్షికలోకి ఎక్కించకుండా, ముందు ఫారంను పక్కన పెట్టుకుని చదివే మనుషులు ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండాలి.

ఇక అసలు లెక్కకే ఎక్కనివారి సంగతి. 2020 గణన తరువాత జనాభా లెక్కల శాఖ తానే చేసిన తనిఖీలో హిస్పానిక్‌లను దాదాపు 5 శాతం తక్కువగా లెక్కించినట్టు బయటపడింది. 2010లో ఆ లోటు 1.5 శాతం. మహమ్మారి ఒక కారణం. పౌరసత్వం గురించి ఫారంలో అడగాలన్న ప్రతిపాదన మీద 2019 దాకా సాగిన వివాదం, ఆ ప్రశ్నను సుప్రీంకోర్టు అడ్డుకున్నా, జనంలో భయం మిగిల్చి ఉంటుందన్న వాదన కూడా ఉంది. నియోజకవర్గాల హద్దులు, బడులకు, ఆస్పత్రులకు వెళ్లే నిధులు ఈ అంకెల మీదే ఆధారపడతాయి కాబట్టి నూటికి అయిదుగురు తప్పిపోవడం చిన్న విషయం కాదు.

తెలుగువారికి ఇదే వ్యవస్థతో ఒక సంబంధం ఉంది. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని 2018లో వచ్చిన వార్తకు ఆధారం, ‘ఇంట్లో ఇంగ్లిష్ కాక మరో భాష మాట్లాడతారా, అదేమిటి’ అని జనాభా లెక్కల శాఖ తన వార్షిక సర్వేలో అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో అన్నిటికన్నా పెద్ద వాటా స్పానిష్‌దే. అందులో తెలుగు అని రాసిన ఇళ్లే మన లెక్కలో ఉన్నాయి, రాయని ఇళ్లు లేవు.

తుపాను తరువాత ఎందరు వెళ్లారు

2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టో రికో మీద విరుచుకుపడింది. దీవి మొత్తం కరెంటు పోయింది. జనం విమానాశ్రయానికి చేరారు. ఫ్లోరిడా, న్యూయార్క్, మసాచుసెట్స్ బడులకు వెంటనే తెలియవలసింది ఒక్కటే: ఎంతమంది పిల్లలు వస్తున్నారు?

ప్యూర్టో రికన్లు అమెరికా పౌరులు కావడమే ఇక్కడ చిక్కు. వారికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు తనిఖీ లేదు. శాన్ హువాన్ నుంచి ఓర్లాండో వెళ్లడం హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లినట్టే. పరాయి దేశం నుంచి వచ్చినవారికైతే సరిహద్దులో ఒక ముద్ర, ఒక నమోదు ఉంటాయి. పౌరుడు కదిలితే ఏ పుస్తకంలోనూ గీత పడదు. 1930లలో పౌరుడని నమ్మక కార్డు అడిగిన దేశంలోనే, 2017లో పౌరుడు కావడం వల్ల కదలిక లెక్కకు అందకుండా పోయింది.

సెంట్రో పరిశోధకులు అక్టోబరులోనే, అంతకుముందరి వలసల ధోరణుల ఆధారంగా, ఏడాదికి 1.14 లక్షల నుంచి 2.13 లక్షల మంది దీవిని వదలవచ్చని అంచనా కట్టారు. అంచనా కింది అంచుకు, పై అంచుకు మధ్య ఇంత తేడా ఉండడం చూసి పెదవి విరవడం తేలిక. నిజానికి ఆ తేడాను దాచకుండా చెప్పడంలోనే దాని నిజాయితీ ఉంది. ఆరు నెలల తరువాత వారు పద్ధతి మార్చారు. ప్రధాన భూభాగంలోని బడుల్లో కొత్తగా చేరిన పిల్లల సంఖ్యలు తెప్పించి, ఒక్కో పిల్లవాడి వెనుక సగటున ఎందరు పెద్దలు ఉంటారో చూసి, 1.35 లక్షల మంది పైగా వచ్చి ఉంటారని చెప్పారు. చివరికి జనాభా లెక్కల శాఖ 2017 జులై, 2018 జులై మధ్య దీవి జనాభా సుమారు 1.30 లక్షలు, అంటే 3.9 శాతం తగ్గిందని ప్రకటించింది. రెండూ ఒకే కొలత కావు. ప్రభుత్వ అంకెలో చావు పుట్టుకల తేడా ఉంది, తిరిగి వెళ్లినవారూ ఉన్నారు. అయినా రెండు దారుల్లో నడిచినవారు దగ్గర దగ్గరగానే తేలారు. తేడా సమయంలో ఉంది. ప్రభుత్వ అంకె వచ్చేనాటికి ఆ పిల్లలు కొత్త బడిలో ఒక విద్యా సంవత్సరం పూర్తిచేశారు.

మృతుల లెక్క విషయంలోనూ విశ్వవిద్యాలయాలే ఆధారమయ్యాయి. అధికారిక సంఖ్య నెలల తరబడి 64 దగ్గరే నిలిచిపోయింది. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనం తరువాత 2018 ఆగస్టులో ప్యూర్టో రికో ప్రభుత్వం దాన్ని 2,975కు మార్చింది.

ఒక వీధి, రెండు భాషలు

సంఖ్యలకు అందనివి కూడా ఈ కేంద్రాలు పట్టుకున్నాయి. 1970లలో న్యూయార్క్ బడుల్లో స్పానిష్, ఇంగ్లిష్ కలిపి మాట్లాడే పిల్లలకు ఏ భాషా సరిగా రాదని ఉపాధ్యాయులు అనుకునేవారు. ద్విభాషా బోధన కోసం ప్యూర్టో రికన్ సంస్థ ఆస్పిరా నగర విద్యా బోర్డు మీద కేసు వేసి 1974లో ఒప్పందం సాధించుకుంది. ఏ భాషలో, ఎంతవరకు బోధించాలన్నది ఆ తరువాత వాదంగా మారింది.

సెంట్రో భాషా బృందం సిద్ధాంతాల జోలికి పోకుండా ఎల్ బారియోలోని ఒక వీధికి వెళ్లింది. అక్కడివారి రోజువారీ మాటలను రికార్డు చేసింది. భాషావేత్త షానా పోప్‌లాక్ 20 మంది మాటల్లో భాష మారిన 1,800 పైచిలుకు సందర్భాలను విడివిడిగా విశ్లేషించి 1980లో ఫలితాలు ప్రచురించారు. రెండు భాషల పదక్రమం ఒకేలా ఉండే చోటనే మాట్లాడేవారు భాష మారుస్తున్నారని, వ్యాకరణం తప్పిన సందర్భాలు దాదాపు లేవని తేలింది. ఇంకో మాట కూడా తేలింది. ఒకే వాక్యం మధ్యలో భాష మార్చడం రెండు భాషలూ బాగా వచ్చినవారే ఎక్కువగా చేస్తున్నారు. ఒక భాష మాత్రమే గట్టిగా వచ్చినవారు వాక్యం చివర తగిలించే చిన్న చిన్న మాటల దగ్గరే ఆగుతున్నారు. లోపమని ముద్ర వేసినది నైపుణ్యమని రుజువైంది. ప్రపంచమంతటా ద్విభాషా పరిశోధనలో ఈ అధ్యయనాన్ని ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలున్న ఏ ఇంటికైనా, తెలుగు ఇంటికైనా, ఆ ఫలితం పనికొచ్చేదే.

ఆర్కైవ్‌ల సంగతి కొద్దిగా. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో తొలి ప్యూర్టో రికన్ లైబ్రేరియన్‌గా చేరి పిల్లలకు రెండు భాషల్లో కథలు చెప్పిన పూరా బెల్‌ప్రే కాగితాలు సెంట్రోలోనే ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆర్హూలీ ఫౌండేషన్‌తో కలిసి లక్షకు పైగా మెక్సికన్, మెక్సికన్ అమెరికన్ పాటల రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చింది. సిటీ కాలేజీలో 1992లో మొదలైన డొమినికన్ అధ్యయన సంస్థ పాత డచ్ పత్రాలను తవ్వి, 1613లో శాంటో డొమింగో నుంచి వచ్చి ఇప్పటి న్యూయార్క్ తీరంలో నిలిచిపోయిన హువాన్ రోద్రిగెజ్ అనే మిశ్రమ జాతి వ్యాపారి కథను వెలుగులోకి తెచ్చింది. బయటి నుంచి వచ్చి అక్కడ నివసించిన తొలి వ్యక్తిగా ఆయనను గుర్తిస్తారు. 2012లో బ్రాడ్‌వేలో డొమినికన్లు ఎక్కువగా ఉండే పొడవాటి భాగానికి నగరం ఆయన పేరు జతచేసింది.

2025లో ఏమి జరిగింది

విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రవేశాలకే పరిమితం, పరిశోధన గురించి అందులో ఏమీ లేదు. కాని దాని తర్కాన్ని మిగతా చోట్లకు విస్తరించే ప్రయత్నం మొదలైంది. ఆ కేసు గెలిచిన సంస్థే టెనెసీ రాష్ట్రంతో కలిసి 2025 జూన్‌లో ‘25 శాతం’ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని దావా వేసింది. దాన్ని తాము సమర్థించబోమని జులైలో న్యాయశాఖ ప్రకటించింది. సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ, హిస్పానిక్ సంస్థలతో సహా మైనారిటీ విద్యార్థులు ఎక్కువగా ఉన్న కాలేజీలకు తన విచక్షణతో ఇచ్చే సుమారు 35 కోట్ల డాలర్లు ఆపేసింది.

ఇక్కడే మొదట చెప్పిన తేడా పనికొస్తుంది. ఈ కోత నేరుగా తగిలేది రెండో రకానికి, అంటే హోదా ఉన్న కాలేజీలకు. పరిశోధన కేంద్రాలకు దెబ్బ వేరే దారిలో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో జాతీయ మానవీయశాస్త్రాల నిధి వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది. పాత కాగితాలను స్కాన్ చేయడం, మౌఖిక చరిత్రలు రికార్డు చేయడం, ప్రదర్శనలు పెట్టడం లాంటి పనులకు దేశమంతటా ఆసరాగా ఉన్న నిధి అది.

రాష్ట్రాల తీరు మరోలా ఉంది. అన్ని వర్గాల విద్యార్థులకు, సిబ్బందికి చోటు కల్పించడానికి పనిచేసే ‘వైవిధ్య కార్యాలయాలను’ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నిషేధిస్తూ టెక్సస్ చేసిన చట్టం 2024 జనవరి 1 నుంచి అమలవుతోంది. బోధనకు, పరిశోధనకు అందులో స్పష్టంగా మినహాయింపు ఉంది. చట్టం అక్షరం ప్రకారం పరిశోధన కేంద్రం దాని పరిధిలోకి రాదు. కాని కేంద్రం చేసే పనిలో ఏది పరిశోధన, ఏది విద్యార్థి సేవ అన్నది గీత గీసినట్టు ఉండదు. పేట పిల్లలను ఆర్కైవ్‌కు తీసుకొచ్చి వారి తాతముత్తాతల కాగితాలు చూపించడం ఏ పద్దులోకి వస్తుందో ఆడిటర్ దయ మీద ఉంటుంది. ఆ అనిశ్చితి వల్ల, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకముందే కార్యక్రమాలు తగ్గించుకునే ప్రమాదం ఉంది.

అభ్యంతరాలు, వాటిలో నిలిచేవి

ఈ కేంద్రాలు ఉద్యమం నుంచి పుట్టాయి కాబట్టి వాటి పరిశోధన పక్షపాతంతో ఉంటుందన్నది పాత విమర్శ. దీనికి సరైన పరీక్ష పుట్టుక కాదు, పద్ధతి. మరియా తుపాను అంచనాను ప్రభుత్వ అంకెతో పోల్చి చూడగలిగినట్టే, భాషా అధ్యయనాన్ని ఇతరులు వేరే ఊళ్లలో, వేరే భాషల మీద పరీక్షించారు. కొన్నిచోట్ల దాని నియమాలకు మినహాయింపులు చూపించారు కూడా. రక్షణ అవసరాల పేరుతో నిధులు పొందిన విదేశీ అధ్యయన కేంద్రాలను కూడా పుట్టుకను బట్టి కొట్టిపారేయడం సరికాదు.

ఇంకో అభ్యంతరానికి బలం ఎక్కువ. కేంద్రాలు ఆ రోజుల్లో ఎక్కడ ఎవరు ఎక్కువగా ఉన్నారో వారి పేరు మీద ఏర్పడ్డాయి: కాలిఫోర్నియాలో చికానోలు, న్యూయార్క్‌లో ప్యూర్టో రికన్లు. జనం మారిపోయారు. సాల్వడోర్, గ్వాటెమాలా, హోండురాస్, వెనిజులా నుంచి వచ్చినవారికి అంత లోతైన ఆర్కైవ్‌లు లేవు. లాస్ ఏంజెలిస్‌లో బోధన శాఖ 2019లో తన పేరులో మధ్య అమెరికాను చేర్చుకుంది. పేరు మార్చడం ఒక సమావేశంలో అయిపోతుంది. అరవై ఏళ్ల కాగితాలు పోగుపడడానికి అరవై ఏళ్లు పడుతుంది. 1983లో లాస్ ఏంజెలిస్, స్టాన్‌ఫర్డ్, ఆస్టిన్, హంటర్ కేంద్రాలు కలిసి ఏర్పరచుకున్న అంతర్విశ్వవిద్యాలయ పరిశోధన కూటమి ఈ లోటును కొంత పూడ్చగలిగింది. ఒకరి దగ్గర లేని లెక్క ఇంకొకరి దగ్గర దొరుకుతుంది.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం జాతి, హిస్పానిక్ మూలాల ప్రశ్నలను కలిపి ఒకే ప్రశ్నగా అడగాలని కొత్త ప్రమాణం ప్రకటించింది. అది అలాగే అమలైతే 2030 ఫారంలో ‘హిస్పానిక్ లేదా లాటినో’ అన్నది మిగతా జాతుల సరసన ఒక గడి అవుతుంది. అప్పుడు వచ్చే అంకె 2020 అంకెతోనూ, 2010 అంకెతోనూ సరిపోలదు. పెరిగింది జనమా, మారింది గడియా అన్నది తేల్చడానికి మూడు ఫారాలనూ, వాటి నియమావళులనూ, ఆయా ఏళ్లలో బడి రిజిస్టర్లనూ బల్ల మీద పరిచి చూడాలి. అందుకు కావలసినవన్నీ ఒక్కచోట పోగుచేసి ఉంచిన గదులు దేశంలో చాలా తక్కువ. వాటిలో ఒకటి ఈస్ట్ హార్లెమ్‌లో, ఆ పాత గుర్తింపు కార్డుల కాగితాలున్న భవనంలోనే ఉంది.